బ్యారక్‌లో అమ్ముడయ్యే జాయినింగ్ ప్యాకేజీ: డబ్బాలో ఏముంది, లెక్క ఎక్కడ తప్పుతుంది

ముందు తీర్పు చెప్పి, వివరాలు తర్వాత చెబుతాం. తోటి జవానో పై ర్యాంకు వాళ్ళో యూనిట్‌లోనే చేతిలో పెట్టే నెట్‌వర్క్ మార్కెటింగ్ జాయినింగ్ ప్యాకేజీకి సరుకు నాణ్యతలో పదికి నాలుగు మార్కులు, ధరలో రెండు, సంపాదన ప్లానుకు ఒకటి, అమ్మే పద్ధతికి సున్నా. ఇది ఏ ఒక్క కంపెనీ మీదా రాసిన సమీక్ష కాదు. డబ్బా మీద పేరు మారినా లోపలి అమరిక ఒకటే కాబట్టి ఆ అమరికనే విప్పి చూస్తున్నాం. సికింద్రాబాద్, గోల్కొండ, విశాఖ లాంటి చోట్ల ఉన్నవాళ్ళకూ, ఊళ్ళో ఉండి కొడుకు జీతం చూసుకునే తల్లిదండ్రులకూ ఇది పనికొస్తుంది.

ప్యాకేజీలో మామూలుగా ఉండేవి ఇవి: ఒకటి రెండు ప్రొటీన్ పొడి డబ్బాలు, నోని లేదా ఉసిరి రసం సీసా, మల్టీవిటమిన్ మాత్రలు, టూత్‌పేస్టు, సబ్బులు. కొన్నిటిలో సూటు గుడ్డో నీళ్ళ ఫిల్టరో ఉంటుంది. వీటితోపాటు ఒక ఐడీ నంబరు వస్తుంది. నిజానికి అమ్మేది ఆ ఐడీనే, డబ్బాలు దానికి తోడు. లెక్క తేలిగ్గా సాగడానికి ప్యాకేజీ ధర 15,000 రూపాయలు అనుకుందాం. మీకు చెప్పిన ధర వేరే అయితే అదే పద్ధతిలో మీ అంకె వేసుకోండి.

సరుకు సంగతి. ప్రొటీన్ పొడి డబ్బా చేతికి రాగానే ముందువైపు బొమ్మ కాకుండా వెనకవైపు చిన్న అక్షరాలు చూడండి. 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్సు నంబరు ఉండాలి. ఆరోగ్య సప్లిమెంటు అయితే అది మందు కాదని, వైద్యానికి వాడరాదని లేబులు మీదే ఉంటుంది. బ్యారక్‌లో మాత్రం అదే డబ్బాను మోకాళ్ళ నొప్పికి, షుగరుకు, వచ్చే నెల ఫిట్‌నెస్ పరీక్షలో పరుగు పెరగడానికి అని చెప్పి అమ్ముతారు. లేబులు ఒకటీ నోటిమాట ఇంకొకటీ అయినప్పుడు లేబులే నమ్మాలి. ఏ పొడి వాడాలన్నా డబ్బా తీసుకెళ్ళి యూనిట్ డాక్టరుకు (ఆర్‌ఎంఓ) చూపించండి. మెడికల్ కేటగిరీ, అంటే ఆరోగ్యాన్ని బట్టి ఇచ్చే గ్రేడు, మీద ఆధారపడి బతికే ఉద్యోగంలో తెలియని మూలికల మిశ్రమాన్ని లివర్‌కు అలవాటు చేయడం మంచిది కాదు.

ధర తేల్చడానికి డబ్బా ధరను చూడకూడదు, గ్రాము ప్రొటీన్ ఎంత పడుతుందో చూడాలి. 200 గ్రాముల డబ్బా 2,000 రూపాయలు, లేబులు మీద 100 గ్రాములకు 80 గ్రాముల ప్రొటీన్ అని ఉందనుకోండి. మొత్తం ప్రొటీన్ 160 గ్రాములు, అంటే గ్రాముకు పన్నెండున్నర రూపాయలు. ఏడు రూపాయల గుడ్డులో ఆరు గ్రాముల దాకా ప్రొటీన్ ఉంటుంది, గ్రాముకు రూపాయి ఇరవై పైసలు దాటదు. సోయా ముక్కలు 100 గ్రాములకు 50 గ్రాములకు పైగా ఇస్తాయి. వంద గ్రాములు ఇరవై రూపాయలకు దొరికితే గ్రాము ప్రొటీన్ నలభై పైసల లోపే. పైగా లంగర్‌లో, అంటే యూనిట్ వంటశాలలో, గుడ్డు, పాలు, మాంసం, పప్పు రేషన్‌లోనే వస్తాయి. అంటే అందుతున్నదాన్నే పది రెట్ల ధర పెట్టి మళ్ళీ కొంటున్నారు. టూత్‌పేస్టు, సబ్బు లాంటివాటిని సైనికుల కోసం నడిచే సీఎస్‌డీ క్యాంటీన్ ధరతో పోల్చి చూడండి. ఆ తేడా దేనికి పోతుందో కింద ప్లాను లెక్కలో కనబడుతుంది.

ప్లాను చాలావరకు బైనరీ. మీ కింద ఎడమ ఒక లెగ్, కుడి ఒక లెగ్. రెండు లెగ్గుల్లో ఒక్కొక్కరు చేరితే ఒక పెయిర్. పెయిర్‌కు 1,000 రూపాయలు అనుకుందాం. పెట్టిన 15,000 వెనక్కి రావాలంటే 15 పెయిర్లు, అంటే ఎడమన 15, కుడిన 15, మొత్తం 30 మంది చేరాలి. "ఇద్దరిని తెస్తే చాలు, మిగతాది గొలుసు చూసుకుంటుంది" అని చెప్పేది ఇక్కడే.

ఆ గొలుసును యూనిట్ మీద పరిచి చూడండి. మొదటి వరుసలో ఒకరు, తర్వాత ఇద్దరు, నలుగురు, ఎనిమిది మంది. ఏడు వరుసలు నిండితే 127 మంది. సైన్యంలో ఒక రైఫిల్ కంపెనీ అంటే సుమారు 120 మంది జవాన్ల దళం కాబట్టి ఆ దళం అక్కడికే అయిపోయింది. తొమ్మిది వరుసలు నిండితే 511 మంది, పది నిండితే 1,023 మంది. ఇన్‌ఫాంట్రీ బెటాలియన్‌లో ఉండేదే సుమారు 800. పదో వరుస నిండేలోపే మనుషులు అయిపోతారు.

సరే, పక్క యూనిట్ వాళ్ళను కూడా కలిపి పది వరుసలూ పూర్తిగా నిండాయనే అనుకుందాం. ఇది ప్లానుకు అన్నిటికంటే అనుకూలమైన లెక్క. 1,023 మందిలో చివరి వరుసలో ఉన్న 512 మందికి కింద ఎవరూ లేరు, వాళ్ళకు వచ్చేది సున్నా. వాళ్ళ పై వరుసలో 256 మందికి ఒక్కో పెయిర్, తలా వెయ్యి రూపాయలు. ఆ పై 128 మందికి మూడేసి పెయిర్లు, ఆ పై 64 మందికి ఏడేసి. ఆరో వరుసలో 32 మందికి సరిగ్గా 15 పెయిర్లు, అంటే పెట్టింది వచ్చినట్టు. కానీ టీడీఎస్, అడ్మిన్ చార్జీ కోసుకున్నాక వాళ్ళకూ తరుగే. నిజంగా లాభం చూసేది పై ఐదు వరుసల్లోని 31 మంది. వెయ్యి మందిలో ముప్పై ఒకరు.

డబ్బు వైపు నుంచి కూడా చూద్దాం. 1,023 మంది తలా 15,000 చొప్పున కట్టింది 1 కోటి 53 లక్షల 45 వేలు. మొత్తం గొలుసులో పడే పెయిర్లు 4,097, అంటే కమీషన్ రూపంలో వెనక్కి వచ్చేది దాదాపు 41 లక్షలు. అందులో 25 లక్షల 29 వేలు ఆ 31 మందికే పోతుంది. మిగిలిన 992 మంది 1 కోటి 48 లక్షల 80 వేలు కట్టి పదహారు లక్షల లోపు పంచుకుంటారు, దాంతోపాటు డబ్బాలు. స్టేజీ మీద కారు తాళం అందుకునే ఫోటోలోని మనిషి అబద్ధం కాదు, నిజంగానే సంపాదించాడు. ఆయన సంపాదనకు మూలం ఆ 992 మంది జీతాలు.

పైన చెప్పింది రెండు లెగ్గులూ సమానంగా పెరిగిన ఆదర్శ స్థితి. అసలు ఆటలో ఇంకో చిక్కు ఉంది. "నీ ఎడమ లెగ్ నేను నింపేస్తా, నువ్వు కుడి ఒక్కటి చూసుకో" అని అప్‌లైన్, అంటే మిమ్మల్ని చేర్చిన పైవాడు, మాట ఇస్తాడు. నిజంగానే నింపుతాడు, ఎందుకంటే తన కింద వచ్చినవాళ్ళను ఎక్కడో ఒకచోట పెట్టాలి. దాన్ని పవర్ లెగ్ అంటారు. కమీషన్ మాత్రం బలహీనమైన లెగ్‌ను బట్టే లెక్కిస్తారు. ఎడమన 200 మంది ఉన్నా కుడిన ముగ్గురే ఉంటే మూడు పెయిర్లే. రోజువారీ కాపింగ్ (రోజుకు ఇన్ని పెయిర్లకే కమీషన్ అనే పరిమితి) దాటిన పెయిర్లు, నెల కొనుగోలు చేయకపోతే మిగిలిన పాయింట్లు చాలా ప్లానుల్లో చెరిగిపోతాయి. చేరే ముందు ప్లాను పీడీఎఫ్‌లో కాపింగ్ ఎంత, మిగిలినవి ముందుకు సాగే క్యారీ ఫార్వర్డ్ ఉందా, కమీషన్ అందాలంటే నెలకు ఎంత కొనాలి అన్న మూడు చోట్లా వేలు పెట్టి చదవండి. ఆ పీడీఎఫ్ ఇవ్వకుండా నోటితో చెప్పేవాళ్ళ దగ్గర చర్చ అక్కడితో ఆపేయవచ్చు.

నెల కొనుగోలే మెల్లగా జేబు కోసేది. నెలకు 3,000 అనుకుంటే ఐదేళ్ళలో 1,80,000. అదే మొత్తాన్ని 6.7 శాతం వడ్డీ ఉన్న పోస్టాఫీసు ఆర్‌డీలో వేస్తే సుమారు 2,14,000 అవుతుంది. రెగ్యులర్ సర్వీసులో ఉన్నవాళ్ళకు సైనికుల ప్రావిడెంట్ ఫండ్ అయిన డీఎస్‌ఓపీ చందా పెంచుకునే వీలు ఎలాగూ ఉంది. ప్యాకేజీ కోసం పర్సనల్ లోను తీయించడం మరీ ప్రమాదం. "పెద్ద ప్యాకేజీ తీసుకుంటే పెద్ద ర్యాంకు" అని లక్ష రూపాయల లోను పెట్టిస్తే, 11 శాతం వడ్డీకి మూడేళ్ళ ఈఎంఐ నెలకు 3,274 పడుతుంది. మొత్తం కట్టేది లక్షా 17 వేలు దాటుతుంది. డబ్బాల గడువు అంతకు ముందే తీరిపోతుంది.

ఇంతవరకూ చెప్పింది బయట ఎక్కడ చేరినా వర్తిస్తుంది. యూనిట్‌లో ఇది ఇంకా చెడుగా మారడానికి కారణం వేరు. బయట అమ్మేవాడికి మీరు వద్దంటే అతను వెళ్ళిపోతాడు. ఇక్కడ అమ్మేది మీ ఛుట్టీ (సెలవు) లిస్టు రాసే సీహెచ్‌ఎం (కంపెనీ హవల్దార్ మేజర్), మీ గార్డ్ డ్యూటీ వేసే హవల్దార్, మీ కోర్సుకు పేరు పంపే సూబేదార్ సాబ్. ఆయన అడిగేటప్పుడు ఒక్క బెదిరింపు మాట కూడా ఉండకపోవచ్చు. "చూడు బేటా, నీ మంచికే" అంటారు. అయినా జవాను చెవికి అది వినబడే తీరు వేరు. పైవాడి మాట వినడం మీదే ఈ వ్యవస్థ నిలబడింది. యుద్ధంలో ప్రాణం కాపాడే ఆ అలవాటును ప్రొటీన్ పొడి అమ్మడానికి వాడుకోవడం క్షమించదగ్గది కాదు. అందుకే అమ్మే పద్ధతికి సున్నా వేశాం. సరుకు బంగారమైనా ఆ సున్నా మారదు.

డ్యూటీ వేళల్లో ఇది ఎలా జరుగుతుందో యూనిట్‌లో ఉన్నవాళ్ళందరికీ తెలిసిందే. పీటీకీ పరేడ్‌కీ మధ్య ఒక జూమ్ లింకు, స్టోర్స్ గదిలో వైట్ బోర్డు మీద రెండు కాళ్ళ బొమ్మ, కంపెనీ వాట్సాప్ గ్రూపులో డ్యూటీ రోస్టర్ కిందే ప్రొడక్టు పోస్టరు, నామినల్ రోల్ (యూనిట్ పేర్ల జాబితా) నుంచి తీసుకున్న ఫోన్ నంబర్లకు వరసగా కాల్స్. ఆర్మరీ లెక్క చూడాల్సిన మనిషి పాయింట్ల లెక్క చూస్తూ కూర్చుంటే నష్టం ఆయన జేబుకు మాత్రమే కాదు. రాత్రి పదకొండు దాకా మీటింగు నడిపి తెల్లవారుజామున సెంట్రీ పోస్టుకు వెళ్ళేవాడి కళ్ళు ఎలా ఉంటాయో ఊహించండి.

అందరికంటే ముందు గురి అగ్నివీర్‌లే. మొదటి ఏడాది నెల జీతం 30,000 అయినా చేతికి వచ్చేది 21,000, మిగతా 9,000 సేవా నిధికి పోతుంది. ఆ 21,000లో 15,000 ప్యాకేజీ అంటే నెల జీతంలో 70 శాతానికి పైగా, ఆ తర్వాత ప్రతి నెలా ఏడో వంతు. అయినా ప్లానులో ఎందుకు చేరతారంటే, నాలుగేళ్ళ తర్వాత రెగ్యులర్ సర్వీసులోకి తీసుకునేది 25 శాతం దాకానే. "ఆ తర్వాత ఏం చేస్తావ్?" అన్న ప్రశ్నకు ఇరవై ఏళ్ళ కుర్రాడి దగ్గర జవాబు ఉండదు. అమ్మేవాడి దగ్గర సిద్ధంగా ఉంటుంది. నాలుగేళ్ళ చివర వడ్డీతో కలిపి వచ్చే సుమారు 11.71 లక్షల సేవా నిధి మీద కూడా చూపు ఉంటుందని మరవద్దు. ఇంటి దగ్గర కొంచెం పొలమో చిన్న దుకాణమో పెట్టుకోగల సొమ్ము అది.

చట్టం సంగతి. డైరెక్ట్ సెల్లింగ్ మొత్తం నేరం కాదు. 2021 డిసెంబరులో వచ్చిన వినియోగదారుల రక్షణ డైరెక్ట్ సెల్లింగ్ నిబంధనలు దానికి హద్దులు పెట్టాయి. పిరమిడ్ పథకాలు, కొత్తవాళ్ళను చేరిస్తే డబ్బు అని ఆశపెట్టే మనీ సర్క్యులేషన్ పథకాలు నిషిద్ధం. చేరినందుకు ప్రవేశ రుసుము తీసుకోకూడదు. రాతపూర్వక ఒప్పందం ఉండాలి, అందులో కూలింగ్ ఆఫ్ గడువు, అంటే మనసు మార్చుకుని తప్పుకునే గడువు, ఉండాలి. అమ్మే మనిషి గుర్తింపు కార్డు లేకుండా, ముందుగా అపాయింట్‌మెంట్ తీసుకోకుండా రాకూడదు. ఇంకో ముఖ్యమైన మాట: మరికొందరిని చేరిస్తే నీ డబ్బు నీకు వచ్చేస్తుంది అని నమ్మించి కొనిపించడం కూడా ఆ నిబంధనలకు విరుద్ధం. బ్యారక్‌లో మొదట వినబడే వాక్యం సరిగ్గా అదే.

1978 నాటి ప్రైజ్ చిట్స్, మనీ సర్క్యులేషన్ పథకాల నిషేధ చట్టం ఇంకా గట్టిది. నడిపినవాళ్ళే కాదు, సభ్యుడిగా చేరినా, డబ్బు తీసుకున్నా, పంపినా దాని కిందకే వస్తారు. మూడేళ్ళ దాకా జైలు పడవచ్చు. ఆమ్‌వే పథకం ఈ చట్టం పరిధిలోకి వస్తుందని 2007లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు అభిప్రాయపడింది. కాబట్టి "పెద్ద కంపెనీ, విదేశాల్లో కూడా ఉంది" అన్నది భరోసా కాదు.

యూనిఫాంలో ఉన్నవాళ్ళకు దీని మీద సర్వీసు నిబంధనలు కూడా ఉంటాయి. అనుమతి లేకుండా ప్రైవేటు వ్యాపారం నడపడం, కింది ర్యాంకు వాళ్ళకు అమ్మడం క్రమశిక్షణ విషయమవుతుంది. ఆర్మీ చట్టం 63వ సెక్షన్ ఇలాంటి సందర్భాలకు సరిపోయేంత విశాలంగా ఉంది, గరిష్ఠ శిక్ష ఏడేళ్ళు. అంతదాకా పోకపోయినా సర్వీసు రికార్డులో ఎర్ర సిరాతో శిక్ష నమోదైన ఒక్క రెడ్ ఇంక్ ఎంట్రీ ప్రమోషన్‌ను ఆపగలదు. డిపోల్లో, వర్క్‌షాపుల్లో పనిచేసే డిఫెన్స్ సివిలియన్లకు 1964 నాటి సీసీఎస్ ప్రవర్తన నియమావళిలో 15వ నియమం ఉంది. భార్య లేదా ఇంట్లోవాళ్ళ పేరు మీద ఉన్న ఇన్సూరెన్సు, కమీషన్ ఏజెన్సీ కోసం తాను ప్రచారం చేసినా అది ఉల్లంఘనే అని అందులో విడిగా రాసి ఉంది.

ఈ భార్య పేరు దగ్గరే చాలామంది పొరబడతారు. ఐడీ ఆవిడది, పాన్ ఆవిడది, కాబట్టి నాకేం సంబంధం అనుకుంటారు. మీటింగు పెట్టేది మీరు, డబ్బు అడిగేది మీరు, గ్రూపులో పోస్టరు వేసేది మీరు అయినప్పుడు ఆ పేరు మిమ్మల్ని కాపాడదు. కమీషన్ మీద టీడీఎస్ కోస్తే అది పన్ను శాఖ దగ్గర ఆవిడ పాన్ మీద ఉండే 26ఏఎస్, ఏఐఎస్ పత్రాల్లో కనబడుతుంది. మీ పేరునే ఐడీ ఉంటే మీ దాంట్లో కనబడుతుంది, వ్యాపార ఆదాయం చూపే వీలు లేని ఐటీఆర్-1 అప్పుడు సరిపోదు. పాన్ ఇవ్వకపోతే కోత 20 శాతం.

భద్రత గురించి ఎవరూ పట్టించుకోరు గానీ అసలు భయపడాల్సింది దానికి. 2020 జులైలో సైన్యం ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ సహా 89 యాప్‌లను ఫోన్ల నుంచి తీసేయమని చెప్పింది. అలాంటి చోట "ఈ నెల అచీవర్" బ్యానరు మీద యూనిఫాంలో ఫోటో, పేరు, ర్యాంకు, భుజం మీద ఫార్మేషన్ సైన్ (ఏ దళమో తెలిపే గుర్తు)తో సహా వేసి వందల మంది అపరిచితులున్న గ్రూపుల్లోకి వదులుతున్నారు. కేవైసీ కోసం ఇచ్చిన ఆధార్, రద్దుచేసిన చెక్కు, ఇంటి చిరునామా ఎవరి ఫోన్‌లో ఉన్నాయో తెలియదు. ఒక టీమ్ లిస్టు చేతికి చిక్కితే ఏ యూనిట్‌లో ఎవరున్నారో గీత గీసినట్టు తెలిసిపోతుంది. అప్పటికే బ్యానరు పడి ఉంటే ఈ రోజే తీయించండి.

వద్దని చెప్పడం ఎలా? "ఇంట్లో అడిగి చెప్తా సాబ్" అంటే వారంలో ఇంటికే ఫోను వెళుతుంది, ఛుట్టీలో ఊరికే వస్తారు. సైనికులు ఎక్కువగా ఉన్న మిలిటరీ మాధవరం లాంటి ఊళ్ళలో యూనిఫాం మీదున్న గౌరవం వల్ల తలుపు వెంటనే తెరుచుకుంటుంది కూడా. సూటిగా, మర్యాదగా, ఒకే మాట: "సాబ్, నేను తీసుకోను." కారణం చెప్పకండి, ప్రతి కారణానికీ వాళ్ళ దగ్గర జవాబు రాసిపెట్టి ఉంటుంది. ఆ తర్వాత ఛుట్టీలోనో డ్యూటీలోనో తేడా కనబడితే తేదీ, డ్యూటీ, అన్న మాట ఒక కాగితం మీద రాసుకుని కంపెనీ కమాండర్ ఇంటర్వ్యూ అడగండి. అక్కడ తేలకపోతే ఆఫీసర్లు కానివాళ్ళకు ఆర్మీ చట్టం 26వ సెక్షన్ కింద ఫిర్యాదు చేసుకునే హక్కు ఉంది.

ఇప్పటికే డబ్బు కట్టి ఉంటే తొందరపడాలి. సీలు విప్పని డబ్బాలు అలాగే ఉంచి ఫోటోలు తీయండి. డబ్బు కంపెనీ ఖాతాకు వెళ్ళిందా, అప్‌లైన్ యూపీఐకి వెళ్ళిందా చూడండి. జీఎస్టీ బిల్లు అడిగి తీసుకోండి, బిల్లు లేకపోతే వాపసు దాదాపు కుదరదు. ఒప్పందంలో కూలింగ్ ఆఫ్ గడువు ఎన్ని రోజులో చూసుకుని, ఆ లోపు కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసర్‌కు నేరుగా ఈమెయిల్ పంపండి. అప్‌లైన్‌కు వాట్సాప్ చేయడం రద్దు కింద లెక్కకు రాదు. ఫిర్యాదు అందినట్టు 48 పనిగంటల్లో జవాబు, నెల లోపు పరిష్కారం రావాలి. రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. క్రిప్టో వాలెట్‌లోకో ఎవరిదో వ్యక్తిగత ఖాతాలోకో పంపించి ఉంటే అదే రోజు 1930కి ఫోన్ చేయాలి, ఆలస్యమైన కొద్దీ ఆ డబ్బు ఖాతాలు మారిపోతుంది. ఐడీ రద్దయినట్టు వచ్చిన ఈమెయిల్‌ను దాచుకుని, ఆ ఆర్థిక సంవత్సరం ముగిశాక 26ఏఎస్ ఒకసారి తెరిచి ఆ కంపెనీ పేరు మీద కొత్త ఎంట్రీలేమీ పడలేదని చూసుకోండి. పడుతుంటే ఐడీ ఇంకా బతికే ఉందన్నమాట. మళ్ళీ రాతపూర్వకంగా మూయించండి.